ఆ మ్యాపు వేసింది నేనే

(కార్తీక వనభోజనాల రోజు మా తెలుగు ఫ్యామిలీస్ గ్రూపులో మాట్లాడింది. ఫోన్ రికార్డింగ్‌లో సగం పిల్లల అరుపులే వినపడ్డాయి, అందుకని గుర్తున్నంత వరకు కూర్చుని టైప్ చేశాను.)

అందరికీ నమస్కారమండి. వెనక వినపడుతోందా? వినపడకపోయినా పర్లేదు, మజ్జిగపులుసు దగ్గర ఉన్నవాళ్లు నింపాదిగా తినేసి రండి, నేనెక్కడికీ పోను.

ముందు కమిటీ వాళ్లకి థాంక్స్ చెప్పాలి, చెప్పకపోతే వచ్చే ఏడు మైకు ఇవ్వరు. బెంగళూరులో ఉసిరి చెట్టు కింద భోజనాలు అంటే మాటలు కాదు, నర్సరీ నుంచి కుండీలో మొక్క తెచ్చి నడుమెత్తు స్టూలు మీద పెట్టి దాని చుట్టూ ఇంతమందిమి కూర్చుని ఉసిరి చెట్టు కిందే తిన్నాం అనుకున్నాం చూశారా, ఆ ఐడియా ఎవరిదో గానీ వాళ్లకి దండం. గుత్తి వంకాయ చేసిన అక్కకి ఇంకో దండం. సౌండు పెట్టిన తమ్ముడికి, కుర్చీలు మోసిన కుర్రాళ్లకి, అందరికీ. సరే, ఇంక చాలు, నాకిచ్చిందే పావుగంట, అదీ భోజనాలకీ తంబోలాకీ మధ్యలో, అంటే కునుకు తీసే టైములో. పడుకునేవాళ్లు పడుకోండి, నేనేమీ అనుకోను, కానీ చివర్లో ఒక కాగితం వస్తుంది, దానికి మాత్రం లేవాలి.

నేను చెప్పాలనుకున్నది వేరేగా మొదలవ్వాల్సింది. 22 స్లైడ్లు చేసుకొచ్చాను, డ్రోన్లూ శాటిలైట్లూ పెట్టి చెరువుల్లో కలుపు ఎలా కనిపెడతారు అని. ఎండలో ప్రొజెక్టర్ బొమ్మ కనపడదని ఇక్కడికొచ్చాకే తెలిసింది, ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత మాత్రం ఊహించలేకపోయాను. పోనీలెండి. దానికన్నా ఇవాళ పొద్దున జరిగింది చెప్తాను.

ఐదున్నరకి మన ఆడవాళ్లు కార్తీక దీపాలు వదలడానికి చెరువు దగ్గరికి వెళ్లారు కదా, టార్చి పట్టుకోవడానికి నేనూ మా ఆవిడ వెనకాల వెళ్లాను. మెట్ల దగ్గర నీళ్లు లేవండి. అంటే చెరువు నిండుగానే ఉంది, కానీ నీళ్లు కనపడవు, మొత్తం గుర్రపుడెక్క, నీళ్ల మీద తేలే ఆ కలుపు మొక్క. చివరి మెట్టుకి ఆనుకుని మోకాలెత్తు లేచి ఉంది. అరటి దొప్పలో దీపం పెట్టి వదిలితే అది కదలదు, ఆకుల మీద కూర్చుంది, బల్ల మీద పెట్టినట్టు. ఒకావిడ, పేరు చెప్పను, ఇక్కడే ఉన్నారు, పాపం చేత్తో డెక్క పక్కకి తోసి అరచెయ్యంత నీళ్లు చేసి అందులో దొప్ప పెట్టారు. చెయ్యి తీసేలోపే మూసుకుపోయింది. ఇంకో దీపం కింద ఆకు కమిలి వాసన కూడా వచ్చింది. అంతలో జాగింగ్‌కి వచ్చిన పిల్లలు రెయిలింగ్ దగ్గర నిలబడి ఆ పూలు చూసి ఎంత బాగున్నాయో, రీల్ చేద్దాం అంటున్నారు. వాళ్లని ఏమనగలం, పూలు నిజంగానే బాగుంటాయి, ఊదా రంగులో, మధ్యలో నెమలి కన్ను లాగా పసుపు చుక్క. ఆ పూలు చూసి మురిసిపోయే కదా 19వ శతాబ్దం చివర్లో దక్షిణ అమెరికా నుంచి బెంగాల్‌లో దిగింది, దిగాక ఎంత గోల పెట్టిందంటే 1936లో బెంగాల్ ప్రభుత్వం ఒక్క ఈ మొక్క కోసం ప్రత్యేకంగా చట్టమే చేసింది.

నా గురించి రెండు ముక్కలు. లిఫ్టులో చాలామంది మీరేదో మ్యాపులు చేస్తారటగా అంటుంటారు. అవునండి, పద్దెనిమిదేళ్లుగా శాటిలైట్ బొమ్మలు చూడటమే నా పని. బ్రెజిల్‌లో చెరుకు ఎంత వేశారో మారతహళ్లిలో కూర్చుని లెక్కేస్తాం. మన కిటికీ కింద చెరువులో ఏముందో మాత్రం చాలా ఏళ్లు చూడలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు రెండు కలర్ ప్రింట్లు పంపిస్తున్నాను, అలా పాస్ చేయండి, పులిహోర చేతులతో పట్టుకోకండి, ఒక్క సెట్టే ఉంది. రెండూ మన చెరువే. ఎర్రగా ఉన్నదంతా డెక్క. ఆకుపచ్చని ఎర్రగా ఎందుకు వేశారు అని అడుగుతారు, అడగాలి కూడా. మన కంటికి కనపడని వెలుగు ఒకటుంది, నియర్ ఇన్‌ఫ్రారెడ్ అంటారు. బతికున్న ఆకు దాన్ని గట్టిగా వెనక్కి కొడుతుంది, నీళ్లేమో మింగేస్తాయి. అందుకని ఆ వెలుగులో చూస్తే చెరువు నల్లగా కాటుక పట్టినట్టుంటుంది, దాని మీద డెక్క ఉంటే చీకటి గదిలో దీపం పెట్టినట్టు బయటపడిపోతుంది. మాకు అలవాటు, ఆ వెలుగుని ఎరుపు రంగులో వేసుకుంటాం. దీని మీదే ఎన్‌డీవీఐ అని ఒక లెక్క, ఇన్‌ఫ్రారెడ్‌లోంచి ఎరుపు తీసేసి రెండిటి మొత్తంతో భాగిస్తే వస్తుంది, ఒకటికి దగ్గరగా ఉంటే దట్టమైన పచ్చదనం, సున్నా కిందకి పోతే నీళ్లు. అంతే, పదో క్లాసు లెక్క. దీనికి లక్షలు తీసుకుంటారు. మేమే తీసుకుంటాం.

బొమ్మలు ఎక్కడివంటే యూరప్ వాళ్ల సెంటినెల్-2 శాటిలైట్లవి. 2015లో మొదటిది, 2017లో రెండోది వెళ్లాయి, ఈ బొమ్మలు తీసినప్పుడు ఆ రెండూ కలిసి ఐదు రోజులకొకసారి మన నెత్తి మీదకొచ్చేవి, బొమ్మలు ఎవరైనా ఫ్రీగా తీసుకోవచ్చు. అందులో ఒక్కో గడి 10 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు. అంటే 100 చదరపు మీటర్లు, మన భాషలో చెప్పాలంటే 1076 చదరపు అడుగులు, చిన్న టూబీహెచ్‌కే. ఒక టూబీహెచ్‌కే మొత్తానికి ఒకే రంగు చెప్తుంది, హాలు వేరు వంటగది వేరు అని దానికి తెలీదు. అమెరికా వాళ్ల లాండ్‌శాట్ గడి 30 మీటర్లు, అంటే తొమ్మిది టూబీహెచ్‌కేలు, ఒక ఫ్లోరు మొత్తం. 1988లో మన ఐఆర్‌ఎస్-1ఏ శాటిలైటు వెళ్లినప్పుడు అందులో ఒక కెమెరా గడి 72 మీటర్ల పైన ఉండేది, ఎకరం దాటిపోయేది. అప్పట్లో మన చెరువులాంటివి ఆ బొమ్మల్లో దాదాపు కనపడకుండా పోయేవి.

సరే, ప్రింట్లు చూశారా? మొదటిది అక్టోబర్‌ది, రెండోది ఆ తర్వాత జనవరిది, ఆరేళ్ల కిందటివి. ఏది బాగుంది? గట్టిగా చెప్పండి. రెండోదా? ఎంతమంది రెండోది అంటారు, చేతులెత్తండి. చూశారా, అందరూ ఎత్తారు. బాబాయ్ గారు నిద్రలోనే ఎత్తారు. అక్టోబర్‌లో చెరువు మొత్తం కుంకుమ పోసినట్టుంది, జనవరికి పడమటి ఒడ్డునా ఈశాన్యం మూలా ఎరుపు మిగిలి, సగానికి పైగా నల్లగా నీళ్లు.

నేనూ మీలాగే అనుకున్నాను. అనుకోవడమే కాదు, లెక్కేసి, ఎర్ర గళ్లు సగానికి తగ్గాయి అని వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అప్పుడు ఇక్కడ డెక్క తీసే కాంట్రాక్ట్ నడుస్తోంది, యంత్రం ఒకటి తిరిగేది, లారీలు పోయేవి, మనవాళ్లు కూడా సంతోషంగా ఉన్నారు. నా మెసేజ్ ఎలా ఎలా పోయిందో పోయింది, పదిరోజుల్లో ఒక ఆఫీసులో ఆ మ్యాపుని ఫ్లెక్సీ వేయించి గోడకి తగిలించారు. నా బొమ్మే. కింద నా పేరు లేదు, దానికి దేవుడికి దండం పెట్టుకున్నాను తర్వాత. పని బాగా జరిగింది అనడానికి శాటిలైటే సాక్ష్యం అని చెప్పి బిల్లు పాసైందని విన్నాను. ఏ ఆఫీసు, ఎవరు అని అడక్కండి, అది చెప్పడానికి రాలేదు. మ్యాపు వేసింది నేను, ఆ సంగతి చెప్పడానికి వచ్చాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం చెరువు గట్టు మీద నడుస్తుంటే చేపలు పట్టే పెద్దాయన కనపడ్డాడు, కోలార్ వైపు మనిషి, తెలుగు మాట్లాడతాడు, మన తెలుగు కాదు, ఆ వైపు తెలుగు. గొప్పగా చెప్పుకోవాలి కదా, ఫోన్‌లో మ్యాపు తీసి చూపించాను, చూడు తాతా, సగం తీసేశారు అని. ఆయన ఫోను వంక చూడనే లేదు. వల దులుపుకుంటూ "యాడ తీసినారు సార్, గాలి తిరిగింది. అంతా ఆ పక్కకి తోసుకోని పొయ్యింది" అన్నాడు.

గాలి తిరిగింది. అంతే.

నేను నమ్మలేదు. రా చూపిస్తా అని పడమటి ఒడ్డుకి తీసుకుపోయాడు. అక్కడ డెక్క ఎలా ఉందంటే, మొక్క మీద మొక్క ఎక్కి, దిండ్లు కుక్కినట్టు కుక్కేసి ఉంది, దాని మీద ఒక వీధి కుక్క హాయిగా నడుచుకుంటూ పోతోంది. నీళ్ల మీద. నాలుగు అడుగులు వేసి ఆగి తోక ఊపి మళ్లీ నడిచింది. ఆయన చేతిలో కర్ర ఉంటే గుచ్చాడు, మూరెడు పైనే దిగింది నీళ్లు తగలడానికి. బెంగళూరులో వానాకాలం గాలి పడమర నుంచి తూర్పుకి, చలికాలం వచ్చేసరికి తూర్పు నుంచి పడమరకి. అక్టోబర్‌లో గాలి అటూ ఇటూ కాకుండా ఉంటుంది, డెక్క చెరువంతా పలచగా పరుచుకుంది. జనవరికి తూర్పు గాలి పట్టి మొత్తాన్నీ ఒక మూలకి నెట్టేసింది. పలచగా పరుచుకున్న డెక్కకీ ఎరుపే, మూరెడు మందం ఉన్నదానికీ ఎరుపే. ఒక హద్దు దాటాక ఎన్‌డీవీఐ ఇంక పెరగదు, ఎంత దట్టంగా ఉన్నా ఒకే అంకె దగ్గర ఆగిపోతుంది. ఈ సంగతి నాకు తెలీదా? తెలుసు. కొత్తగా చేరిన పిల్లలకి నేనే క్లాసు తీసుకుంటాను దీని మీద. విస్తీర్ణం తగ్గింది అన్నాను, నిజమే, విస్తీర్ణం తగ్గింది. మొక్కలు ఎన్ని తగ్గాయి అంటే నా దగ్గర సమాధానం లేదు, ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

ఇది నాకొక్కడికే జరిగింది కూడా కాదు. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు ఉంది కదా, 1998లో అందులో 17 వేల హెక్టార్లకి పైగా డెక్క ఉందని శాటిలైట్ బొమ్మల్లో లెక్కేశారు. కెన్యా వైపు కిసుము రేవు దగ్గర అయితే పొద్దున పడవలు కదలని చోట సాయంత్రానికి ఖాళీ నీళ్లు ఉండేవి, గాలే కారణం. అంత పెద్ద ఉదాహరణ పుస్తకాల్లో చదువుకుని కూడా ఇంటి ముందు చెరువు దగ్గర బోల్తా పడ్డాను.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. టైము అయిపోతోందని తంబోలా అక్క చూస్తున్నారు, అక్కా, రెండు నిమిషాలు.

మాది కొల్లేరు పక్క ఊరు, కైకలూరు వైపు. పెద్దింట్లమ్మ జాతరకి కొల్లేటికోట వెళ్లేవాళ్లం, అప్పట్లో పడవ మీదే. మా నాన్నకి తాటి దోనె ఉండేది. తాటి మాను తొలిచి చేస్తారు, ఇద్దరు కూర్చుంటే మూడోవాడు ఊపిరి బిగబట్టాలి. డెక్క పట్టిందంటే దోనె కదలదు, గెడ వేస్తే గెడకి వేళ్లు చుట్టుకుని బరువెక్కిపోతుంది, నల్లగా, తడి జుట్టు లాగా. మా నాన్నకి ఒక అలవాటు ఉండేది. ప్రతి పున్నమికీ డెక్క అంచు ఎక్కడి దాకా వచ్చిందో అక్కడ ఒక వెదురు కర్ర దిగేసి దానికి గుడ్డ పీలిక కట్టేవాడు. పోయిన పున్నానికి ఎర్ర గుడ్డ దగ్గరుంది, ఈ పున్నానికి పచ్చ గుడ్డ దాకా వచ్చింది, ఇంకో రెండు పున్నాలకి కాలవ మూతి మూసేస్తది అనేవాడు. ఊళ్లో అందరినీ పోగేసి కాలవ మూతి దగ్గర డెక్క లాగించేది ఆ లెక్క మీదే. నాకు తొమ్మిదేళ్లప్పుడనుకుంటా, ఒకసారి మధ్యాహ్నం భోజనం అయ్యాక నేనే వెళ్లి కర్ర పాతి వచ్చాను, సాయం చేద్దామని. పీకి పారేశాడు. "గాలి లేచాక పాతిన కర్ర దేనికి పనికొస్తదిరా, తెల్లారగట్ల చూడాలి" అన్నాడు.

మీకొక విషయం చెప్పనా. సెంటినెల్ శాటిలైటు మన మీదకొచ్చేది పొద్దున పదిన్నర ప్రాంతంలో. గాలి లేచాక.

నాలుగో క్లాసు చదివిన మనిషి. ఆయన పోయాక కూడా ఆ కర్రల్లో ఒకటి చాలా రోజులు నీళ్లలో ఉండిపోయింది. తర్వాత ఆ చోటంతా చేపల చెరువులైపోయాయి, ఇప్పుడు పై నుంచి చూస్తే గట్లన్నీ కలిసి గళ్ల చీర ఆరేసినట్టుంటుంది, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని కొన్ని కొట్టేశారు, అదో పెద్ద కథ, మొదలుపెడితే మీరు రాత్రి భోజనాలు కూడా ఇక్కడే చేయాలి. వదిలేద్దాం.

డ్రోన్ ఎగరేయొచ్చు కదా అని అక్కడ ఎవరో అంటున్నారు. ఎగరేశాం తమ్ముడూ. ఈ చెరువు మీద కాదు. ఇటు హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టు, అటు జక్కూరు, యెలహంక, మన ఊళ్లో ఆకాశం చాలావరకు ఎవరో ఒకరిది. 2021 డ్రోన్ రూల్స్ వచ్చాక ప్రభుత్వం వాళ్ల డిజిటల్ స్కై మ్యాపు చూసుకుని ఎర్ర జోనా పసుపు జోనా పచ్చ జోనా అని తేల్చుకుని వెళ్లాలి, పచ్చ జోన్‌లో అయినా 400 అడుగుల కిందే. అందుకని ఊరి బయట ఒక చెరువు మీద, అనుమతులన్నీ చూసుకుని, ఫ్రెండుది తెచ్చి ఎగరేశాం. 100 మీటర్ల ఎత్తు నుంచి ఒక్కో చుక్క మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు, ఆకు ఆకూ కనపడుతుంది, ఇది గుర్రపుడెక్క, ఇది అంతరతామర, ఇది జమ్ము అని వేలు పెట్టి చూపించొచ్చు. శాటిలైటు చేయలేనిది అదే, దానికి జమ్మూ డెక్కా రెండూ పచ్చగానే ఉంటాయి, ఒక్కోసారి నీళ్ల మీద పట్టిన పచ్చటి పాచి కూడా డెక్కలాగే కనపడి మోసం చేస్తుంది.

కానీ డ్రోన్ ఫొటోలు వందల కొద్దీ తీసి కుట్టాలి. ఒక ఫొటోలో ఉన్న గుర్తులు పక్క ఫొటోలో వెతికి రెండిటినీ అతికిస్తుంది సాఫ్ట్‌వేరు, ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ అని ఫ్రీగానే దొరుకుతుంది. పొలం మీద అయితే బ్రహ్మాండంగా కుడుతుంది. నీళ్ల మీద ఏం గుర్తులుంటాయి? ఉన్న అలలు అర నిమిషంలో మారిపోతాయి, సూర్యుడు నీళ్లలో మెరిస్తే ఫొటో మధ్యలో తెల్ల గుంట. మా మొదటి మ్యాపులో చెరువు మధ్యలో ఏమీ లేదు, చిల్లు. ఒడ్డున ఉన్న డెక్క మాత్రం రెండుసార్లు పడింది, ఎందుకంటే మేము ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి వచ్చేలోపు అది పది అడుగులు జరిగింది. మళ్లీ గాలే. పైగా గద్దలు, వాటికి డ్రోన్ అంటే ఎంత కోపమో, మా ఫ్రెండు కంట్రోలర్ పట్టుకుని అరుస్తూ గట్టు మీద పరిగెత్తడం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ఒడ్డు కనపడేలా, ఫొటోకీ ఫొటోకీ 80 శాతం కలిసేలా, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు తీయాలని అప్పుడు నేర్చుకున్నాం.

వానాకాలం మబ్బులకి రాడార్ శాటిలైటు ఉంది, సెంటినెల్-1, అది మబ్బుల్లోంచి చూస్తుంది, నున్నటి నీళ్లు దానికి నలుపు, గరుకుగా ఉన్న డెక్క తెలుపు. కానీ గాలికి నీళ్లు గరుకెక్కితే అవీ తెల్లబడతాయి. ఎటు పోయినా గాలి దగ్గరికే వస్తున్నాను, విసుగొస్తోంది కదా మీకు. నాకూ వచ్చింది.

మందు కొడితే పోతుంది కదా అని ముందు వరసలో అడుగుతున్నారు. పోతుందండి, చచ్చి మునిగిపోతుంది, మునిగి కుళ్లుతుంది, కుళ్లేటప్పుడు నీళ్లలో ఉన్న ఆక్సిజన్ అంతా లాగేస్తుంది, రెండో వారం చేపలు తేలతాయి. యంత్రంతో తీస్తే? తీయొచ్చు, తీయాలి కూడా. కానీ ఇందులో ఒక తమాషా ఉంది. డెక్కలో పదింట తొమ్మిది పాళ్ల పైనే నీళ్లు. లారీ తూచి డబ్బులిస్తే మనం చెరువు నీళ్లు కొని లారీలో ఊరేగిస్తున్నట్టు. తీసింది గట్టు మీదే పోస్తారు, వానకి సగం మళ్లీ జారి లోపలికి. ఒక్క ముక్క మిగిలినా పక్కకి తీగ పంపి పిల్ల పెడుతుంది, మురుగు బాగా అందితే ఒకటి రెండు వారాల్లో రెట్టింపు. మట్టిలో పడిన విత్తనం పదిహేను ఇరవై ఏళ్లయినా మొలుస్తుంది. ఇవాళ రీల్ తీసిన పిల్లల పెళ్లిళ్లయ్యాక మొలిచే విత్తనాలు ఆ బురదలో ఇవాళే పడుతున్నాయి.

ముక్కు పురుగుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన బెంగళూరు కథ, ఎవరికీ తెలీదు. 1980ల్లో హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు నియోకెటినా అనే చిన్న ముక్కు పురుగుని విదేశాల నుంచి తెప్పించి, ఇంకే మొక్క జోలికీ పోదని పరీక్షించి, ఈ ఊరి చెరువుల్లోనే వదిలారు. అది డెక్క ఆకులు గీరి తింటుంది, దాని పిల్లలు కాడలో దూరి తొలిచేస్తాయి, రెండు మూడేళ్లకి డెక్క బక్కచిక్కి మునిగిపోతుంది. కొన్ని చెరువుల్లో బాగా పనిచేసింది. పొద్దున నేను చూసిన ఆకుల మీద కూడా గీరిన మచ్చలు ఉన్నాయి, గోరుతో గీకినట్టు చిన్న చిన్నవి, అంటే ఆ పురుగు వారసులు ఇంకా పనిలోనే ఉన్నారేమో. కానీ పురుగు తినేదానికన్నా మనం కాలవలోంచి పెట్టేది ఎక్కువైతే అది మాత్రం ఏం చేస్తుంది. బెళ్లందూరు 2018 జనవరిలో తగలబడితే ఆర్మీ వాళ్లు వచ్చి ఆర్పారు గుర్తుందా, చెరువుకి నిప్పంటుకోవడం ఏంటి అని ఊళ్లో అమ్మ ఫోన్ చేసింది నాకు, ఏం చెప్పాలో తెలీలేదు. రాజకాలువ, అంటే చెరువులోకొచ్చే పెద్ద కాలవ, దాని మూతి దగ్గర డెక్క ఎప్పుడూ ఎక్కువ పచ్చగా ఉంటుంది, మీ దగ్గరున్న రెండు ప్రింట్లలోనూ ఈశాన్యం మూల చూడండి, గాలి ఎటున్నా అక్కడ ఎరుపు పోదు. ఆ ఒక్క గడి దగ్గర నా మ్యాపు అబద్ధం చెప్పలేదు. ఆ మూతిలోకి వచ్చేది ఎవరిదో కూడా మనకి తెలుసు, మన ఎస్టీపీ, అదే మురుగు శుద్ధి చేసే ప్లాంటు, రాత్రి పూట నడుస్తోందా లేదా అని పోయిన నెల మీటింగ్‌లో అడిగితే ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడూ ఎవరూ మాట్లాడట్లేదు, సరే.

ఇప్పుడు అసలు పని. ఆరో అంతస్తు పైన చెరువు కనపడే బాల్కనీ ఎవరెవరికి ఉంది? ఎత్తండి చేతులు. ఇంకా ఉన్నారు, సిగ్గుపడకండి, లేక్ వ్యూ అని అదనంగా కట్టారుగా. ఒకటి, రెండు... పదకొండు మంది. చాలు.

మీరు చేయాల్సింది, వారానికి ఒక్క ఫొటో. ఆదివారం పొద్దున ఆరున్నరకి, గాలి లేవకముందు. రెయిలింగ్ మీద ఒక చోట పెన్నుతో గీత గీసుకోండి, ప్రతిసారీ ఫోన్ ఆ గీత మీదే ఆనించాలి, జూమ్ చేయకూడదు, ఫోను అడ్డంగా పట్టుకోవాలి. ఫొటోలో నాలుగు కదలనివి పడాలి, గుడి గోపురం, పంప్ హౌస్, హైటెన్షన్ టవరు, అవతలి ఒడ్డున నీలం రేకుల షెడ్డు. ఆ నాలుగూ ఉంటే చాలు, క్యూజీఐఎస్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేరులో మీ ఏటవాలు ఫొటోని లాగి మ్యాపు మీద పరుస్తాను, పదకొండూ కలిపితే చెరువు మొత్తం వస్తుంది. శాటిలైటు పదిన్నర బొమ్మ పక్కన మీ ఆరున్నర బొమ్మ పెడితే గాలి ఎంత, మనుషులు తీసింది ఎంత అని విడదీయొచ్చు. గట్టు మీద నడిచేవాళ్లు ఇద్దరు కావాలి, కర్ర గుచ్చి మందం చూడటానికి, ప్రతిసారీ అవే మూడు చోట్ల. ఆ కోలార్ తాతని అడిగాను, ఆయన సరే అన్నాడు, ఆయనకి జత ఒకరు. లోపలికి దిగకండి, ఒడ్డు మీద నుంచే, డెక్క గట్టిగా ఉన్నట్టుంటుంది, కుక్కని మోసింది కదా అని మనల్ని మోయదు.

మళ్లీ ఈ మధ్య కాంట్రాక్ట్ మాట వినపడుతోంది, జనవరిలో మొదలవుతుందట. జనవరిలో. తూర్పు గాలి టైముకి. అందుకే ఇవాళ ఈ మైకు అడిగి మరీ తీసుకున్నాను. ఈసారి ఫ్లెక్సీ వేస్తే దాని పక్కన మన కర్ర లెక్క కూడా ఉండాలి.

కాగితం తంబోలా అక్క దగ్గర పెట్టాను, టికెట్ తీసుకునేటప్పుడే బ్లాక్, అంతస్తు, బాల్కనీ ఏ వైపు అని రాసేయండి. ఫొటో తీసిన రోజు ఆకు ఊగుతుంటే అది కూడా రాయండి, ఆ ఫొటో పక్కన పెట్టేస్తాను. పెన్ను ఒక్కటే ఉంది, రాశాక పక్కవాళ్లకివ్వండి.